గువ్వ పేరున ఒక గొంతు

అన్నీ తెలిసినవాడికి మళ్ళీ నోరు తెరిచి చెప్పుకోవడం దేనికి అన్న సందేహం తాళాలాయనను పెళ్ళయిన కొత్తలో పట్టుకుంది, ఇన్నేళ్ళయినా వదల్లేదు. భక్తి లేక కాదు. పొద్దున్నే దేవుడి ముందు కాసేపు కూర్చోనిదే ఆయన ఆకురాయి ముట్టడు. కూర్చుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, అంతే. చూసేవాడు చూస్తూనే ఉన్నాడు, మధ్యలో మాటలెందుకని ఆయన ఉద్దేశం. పక్కన భార్య మాత్రం గొంతెత్తి ఇంటి సంగతులన్నీ వరసగా విన్నవించుకునేది. కుళాయి కారుతోంది స్వామీ, ఈయన మోకాలు మళ్ళీ పట్టేసింది, పైవాటా పిల్ల పరీక్షలకు భయపడుతోంది, కాస్త చూసుకో. "ఆయనకు తెలియనివా ఇవన్నీ?" అని ఒకసారి అడిగితే, "మీరు ఊకొట్టరుగా మరి, ఆయన కొడతాడు" అంది. ఆ జవాబుకు నవ్వాలో నొచ్చుకోవాలో తేల్చుకోలేక అప్పట్లో కొట్లోకి వచ్చేశాడు. ఇప్పుడు ఆ మూల చడీచప్పుడూ ఉండదు. ఆవిడ చేతులు జోడించి పెదవులు కదుపుతుంది. ఈయన ఓరకంట చూసి, కుళాయి దగ్గరుందా మోకాలి దగ్గరుందా అని పోల్చుకుంటూ ఉంటాడు.

కంప్యూటరు తెర మీద ఒక ఖాళీ గడి ఉంది. దాని కింద గడియారం వెనక్కి నడుస్తోంది. కోడ్ మీ ఫోనుకు పంపాము, గంటలోగా ఇక్కడ నింపండి అని రాసి ఉంది. ఆయన ఫోను బల్ల మీద, ఇత్తడి రజను పక్కన, ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. రాదు. ఆ కోడ్ ఇక్కడికి రాదని ఆయనకు తెలుసు, ఎందుకు రాదో కూడా తెలుసు. అందుకే కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, కదిలితే గడియారం ఇంకా తొందరపడుతుందన్నట్టు.

ఎన్ని అడిగిందో ఆ నమోదు పత్రం. పేరు, పుట్టిన రోజు, ఇల్లు, ఫోను, ఏం జబ్బు, ఎప్పటినుంచి, ఇంట్లో ఇంకెవరెవరు, కంప్యూటరు ఎవరెవరు వాడతారు. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగలేదు. అడిగేవాడి మొహం కనపడకపోతే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. పని నేర్పిన మేనమామ మొదటిరోజే చెప్పాడు, తాళంచెవి చేయించుకునేవాడిని ఏ తలుపుకని అడక్కు, వాడు చెప్తే మర్చిపో. చెవి తయారయ్యేదాకా గుర్తు కావాలి కాబట్టి మేనమామ చీటీల మీద పిట్టల పేర్లు రాసేవాడు. కాకి, కొంగ, గువ్వ, పాలపిట్ట. ఇప్పటికీ ఈ కొట్లో మేకులకు వేలాడే చెవులన్నీ పిట్టలే. తప్పు కోసిన చెవిని గిరాకీ కళ్ళముందే రెండు ముక్కలు చేసి అతని చేతిలో పెట్టడం కూడా మేనమామ నేర్పిందే. పళ్ళున్న ప్రతి ఇనపముక్కా ఎక్కడో ఒక తలుపు తీస్తుందిరా, నీ దగ్గర ఉంచుకోకు, అనేవాడు. ఆ చేతులకే ఈ మీటల పలక తగిలింది. పేరు అన్న చోట, ఆలోచించకుండానే, గువ్వ అని కొట్టాడు. ఇల్లు అన్న చోట లేని వీధి రాశాడు. ఫోను నంబరు దగ్గర మాత్రం కాస్త ఆగి, తన నంబరే వేసి, చివరి అంకె ఒకటి పెంచాడు. తనకు తాను తెలివైనవాడిలా కనిపించిన నిమిషం అది. కిందున్న గడుల్లో టిక్కులు తీయగలిగినవన్నీ తీసేశాడు. ఒక్కటి మాత్రం ఎంత నొక్కినా పోలేదు. మీరు అంగీకరిస్తున్నారు అంటుంది అది. సరేలే, అంగీకరించింది గువ్వ కదా అనుకున్నాడు. ఆ తర్వాతే తెర మారి, కోడ్ పంపాము అంది.

లోపల వంటింట్లో కత్తి పీట మీద ఆగి ఆగి పడుతోంది, కూరగాయలు తరుగుతోంది ఆవిడ. ఆ చప్పుడును బట్టే ఆవిడ మనసెలా ఉందో ఆయనకు ఈ మధ్య తెలుస్తోంది. గొంతుకు శస్త్రచికిత్స జరిగాక ఇంట్లో కొత్త భాష పుట్టింది. ఏదైనా అడిగితే గరిటెతోనో వేలితోనో ఒక దెబ్బ కొడితే అవును, రెండు కొడితే కాదు. వద్దంటే వద్దు అన్నదానికి రెండు దెబ్బల మధ్య ఎడం తగ్గుతుంది. మెడకు కట్టుకునే మెత్తటి గుడ్డను ఎవరైనా వస్తే ఇంకాస్త పైకి లాక్కుంటుంది. ఎవరైనా వస్తే అంటే, ఎవరొస్తారు, ఈయనే రానివ్వడు. అమ్మగారు బావున్నారా అని గిరాకీలు అడిగితే బావుంది అంటాడు. ఒక్కమాటలో తలుపు వేసేస్తాడు. ఏడాది దాటింది, ఆ జరిగింది జరిగినట్టు ఎవరికైనా చెప్పిన పాపాన పోలేదు.

ఆసుపత్రిలో మాటల డాక్టరమ్మ ముందే చెప్పింది, గొంతు పోయేలోపు గొంతును దాచుకోవచ్చని. తానిచ్చిన వాక్యాలన్నీ భార్య చదివి రికార్డు చేస్తే, తర్వాత ఇప్పుడీ తెర మీదున్న ప్రోగ్రాం ఆ ముక్కలన్నీ కలిపి, టైపు చేసిన మాటను ఆవిడ గొంతుతోనే పలుకుతుందట. వీధి చప్పుడు రాకుండా ఇంటి కిటికీలకు దుప్పట్లు కట్టారు. చీకటి గదిలో దీపం పెట్టుకుని చదివింది. కిటికీ తెరవండి. నాకు చలిగా ఉంది. బస్సు ఎన్నింటికి వస్తుంది. "ఈ వాక్యాలు రాసినవాళ్ళకి సంసారం లేనట్టుంది, ఒక్క తిట్టు లేదు ఇందులో" అని మధ్యలో విసుక్కుంది, ఆ విసుగూ రికార్డయింది. వాక్యాలు అయిపోయాక, మిషను ఆపకండి అంది. ఆపలేదు. అప్పుడు జాబితాలో లేనివన్నీ మాట్లాడింది. చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట, కూరలవాడితో బేరం, నవ్వు, దగ్గు, తర్వాత ఈయన ఒక్కడికే చెప్పాల్సిన మాటలు కొన్ని. ఆ చివరివి వింటూ ఈయన, నీళ్ళు తెస్తానని చెప్పి బయటికి వెళ్ళి, గోడకానుకుని నిలబడ్డాడు. అవీ అందులోనే ఉన్నాయి. అందుకే ఇంత భయం. ఎక్కడో, ఏ దేశంలోనో, చెవులకు గొట్టాలు తగిలించుకున్న ఎవడో కుర్రాడు, నాణ్యత పరీక్ష పేరుతో ఆ మాటలు వింటాడేమోనని.

భయం ఆయన చేత ఇంకో పనీ చేయించింది. మిషనుతో పాటు ఆసుపత్రికి చేరిన ఆ రికార్డింగులు ఇన్నాళ్ళకు పెన్‌డ్రైవులో ఇచ్చినప్పుడు, మీ దగ్గరున్న నకలు నా ఎదుటే చెరిపేయండి అని డాక్టరమ్మతో పట్టుబట్టాడు. ఆవిడ రెండుసార్లు చెప్పి చూసింది, ఉంచుకుంటే మంచిదండీ అని. చెరిపించేదాకా లేవలేదు. ఇంటికొచ్చి ప్రోగ్రాంలోకి ఎక్కించాక, ఆ పెన్‌డ్రైవును కూడా పట్టకారులో బిగించి రంపంతో రెండు ముక్కలు చేశాడు. ఏ తలుపైనా తీయగలిగినదాన్ని ఇంట్లో ఉంచకూడదు కదా. ఇప్పుడు ఆవిడ గొంతు లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది, ఈ పెట్టెలో, ఈ ఖాళీ గడి వెనక. గంట దాటితే ఏమవుతుందో చిన్న అక్షరాల్లో రాశారు, భూతద్దం పెట్టి చదివాడు. ధ్రువీకరణ కాకపోతే, ఎక్కించిన సమాచారం మీ భద్రత దృష్ట్యా తొలగించబడును. మీ భద్రత దృష్ట్యా. ఆయన అడగబోయేదీ అదే కదా, వాళ్ళు అడక్కుండానే ఇస్తున్నారు. ఎన్ని ఇళ్ళ బయట నిలబడ్డాడు జీవితంలో, చెవి లోపలే మర్చిపోయి తలుపు లాగేసుకున్న మనుషుల పక్కన. లోపల పొయ్యి వెలుగుతోందని ఒకామె, పసివాడున్నాడని ఇంకొకామె. కంగారుపడకమ్మా అంటూ, ఎంత తాపీగా సంచి విప్పేవాడు.

దేవుడా అనుకున్నాడు. ఆ పైన మాట రాలేదు. అలవాటు లేదు.

కోడ్ ఎక్కడికి వెళ్ళిందో తెలుసు. తన నంబరుకు పక్కింటి లాంటి నంబరు. ఫోను తీసి చొక్కాకు తుడిచి, చివరి అంకె ఒకటి పెంచి నొక్కాడు. మోగుతున్నంతసేపూ ఎవరూ ఎత్తకూడదని ఒకసారి, ఎత్తాలని ఒకసారి అనిపించింది. ఎత్తారు. ఆడగొంతు, వెనక బుస్సుమని ఆవిరి చప్పుడు.

"ఎవరూ?"

"అమ్మా, మీ ఫోనుకు ఇందాక ఏదో కోడ్ వచ్చి ఉంటుంది..."

"వచ్చింది. అయితే?"

"అది నాదమ్మా. పొరపాటున మీకు..."

"ఆహా. నిన్న ఫోన్ చేసినాయన నాకు లాటరీలో కారు తగిలిందన్నాడు. మీరేం తగిలిందంటారు? ఇది ఎవరికీ చెప్పొద్దని కిందే రాసుంది నాయనా. పనిలో ఉన్నా, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. ఆయనకు కోపం రాలేదు, అదే విచిత్రం. మేనమామ ఉండి ఉంటే ఆ ఆడమనిషిని పనిలో పెట్టుకునేవాడు. ఎవరిదో తెలియని చెవి చేతికొస్తే అలాగే పిడికిలి బిగించాలి మరి. దొంగగా కనపడటం ఆయనకు కొత్తగా ఉంది. మీటల సందుల్లో ఇత్తడి రజను మెరుస్తోంది, ఎంత ఊదినా పోదు. ఇలాంటి పని తన భార్యకు పడి ఉంటే ఏం చేసేది? ఏముంది, ఫోనెత్తగానే మొదలుపెట్టేది, వదిన గారూ అనేది, వరస కలిపేసేది, మోకాలి నొప్పి నుంచీ మొదలుపెట్టి అవతలి మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా వదిలేది కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఇల్లంతా తీసి చూపిస్తావేమిటని ఎన్నిసార్లు విసుక్కున్నాడు. రైల్లో పక్క సీటు ఆవిడకు ఈయన పొలుసుబారిన అరికాళ్ళ సంగతి కూడా చెప్పేసిందని రెండు స్టేషన్లు మాట్లాడలేదు. ఆ పక్క సీటావిడ దిగేటప్పుడు, అన్నగారూ రాత్రిపూట నూనె రాసుకోండి అంది. రాసుకున్నాడు. తగ్గింది.

మళ్ళీ చేశాడు.

"మళ్ళీ మీరేనా? పోలీసులకి చెప్పమంటారా..."

"నా భార్యకి గొంతు తీసేశారమ్మా."

అనేశాడు. మాట తన నోట్లోంచి వచ్చి గదిలో నిలబడింది. మేకులకున్న పిట్టలన్నీ విన్నట్టనిపించింది. అవతల బుస ఆగింది. ఆగకుండానే చెప్పుకుపోయాడు, ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడికి పోతున్నాడో తెలియలేదు. రోగం పేరు, ఆసుపత్రి బల్ల మీద ఆవిడ కాళ్ళు చల్లగా ఉండటం, మెలకువొచ్చాక నీళ్ళు అనబోయి ఆవిడ తన నోటిని తానే ఆశ్చర్యంగా ముట్టుకోవడం, కిటికీలకు కట్టిన దుప్పట్లు, రెండు ముక్కలైన పెన్‌డ్రైవు, నడుస్తున్న గడియారం. చెప్తుంటే ఛాతీలో ఎప్పటినుంచో బిగిసి ఉన్నది ఏదో, నూనె చుక్క పడిన తాళంలా, కొద్దిగా జరిగింది. తెలియనివాళ్ళకు చెప్పడం సరే. తెలిసినవాడికి చెప్పినా ఇలాగే జరుగుతుందేమో, ఆవిడ రోజూ చేసింది ఇదేనేమో అనిపించింది, కానీ ఆ ఆలోచనను పట్టుకునే తీరిక లేకపోయింది.

"అంతా బానే ఉంది గానీ," అందావిడ గొంతు కొంచెం తగ్గించి, "ఇక్కడ గువ్వ గారూ అని ఉందేంటయ్యా? గువ్వెవరు?"

"అది... దొంగ పేరమ్మా."

"దొంగ పేరు. దొంగ నంబరు. మిమ్మల్నేమో నేను నమ్మాలి."

ఆయన ఫోనుకేసి తల ఊపాడు. న్యాయమే.

"చూడు పెద్దాయనా. నాది లాండ్రీ కొట్టు. జేబుల్లో ఏమేం వదిలేస్తారో నీకు తెలీదు. మడత విప్పి చూడను, సంచిలో వేసి, ఎవరి చొక్కానో వాళ్ళ చేతికే ఇస్తాను. ఇదీ అంతే. మీ ఆవిడకివ్వు ఫోను."

"ఆవిడ మాట్లాడలేదమ్మా, అదే కదా ఇందాకట్నుంచీ..."

"మాట్లాడమన్నానా? నేను మాట్లాడతా, ఆవిడని వినమను."

వంటింటి గుమ్మం ఎప్పుడూ ఇంత దూరం అనిపించలేదు. ఆవిడ కత్తి ఆపి చూసింది. ఏం చెప్పాలో తెలియక ఉన్నదంతా చెప్పేశాడు, గువ్వ దగ్గర్నుంచీ. తప్పు పేరు, తప్పు వీధి, తప్పు అంకె. చెరిపించింది, కోసేసింది. ఇంకాసేపట్లో మొత్తం పోతుందన్నది కూడా. వింటున్నంతసేపూ ఆవిడ మొహంలో ఏదీ కదల్లేదు. పోతుంది అన్నచోట మాత్రం చెయ్యి తనంతట తానే మెడ మీది గుడ్డకు వెళ్ళింది. ఆయన తల దించుకున్నాడు. తిడితే బావుండును. తిట్టడానికి గొంతు లేదని గుర్తొచ్చి ఇంకా దించుకున్నాడు. ఆవిడ తడిచెయ్యి చీర కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. స్పీకరు నొక్కి పీట పక్కన పెట్టింది. ఒక దెబ్బంటే అవునని, రెండంటే కాదని ఆయన అవతలికి చెప్పాడు.

"ఏమ్మా, ఈయన మీ ఆయనేనా?"

కత్తి పిడి పీట మీద పడింది. ఒకటి.

"ఆయన చెప్పిందంతా నిజమేనా తల్లీ? గొంతు సంగతి?"

ఒకటి. ఇది మెల్లగా.

అవతల ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మనిషి బుద్ధిమంతుడేనా?" అని అడిగింది.

ఆవిడ ఆయన వంక చూసింది. చాలాసేపు చూసింది, చొక్కా మీది రజనునీ, ముక్కు మీదకు జారిన కళ్ళద్దాల్నీ. కత్తి పిడి ఎత్తింది. ఒకటి. ఆయన ఊపిరి వదిలాడు. వెంటనే రెండోది పడింది.

ఫోనులోంచి వచ్చిన నవ్వు వంటిల్లంతా నిండింది. "చాలమ్మా, చాలు. దొంగే అయితే ఈపాటికి అవుననేలా నేర్పుకుని వచ్చేవాడు. రాసుకోండి." భార్య వంటింటి గోడకున్న పాలలెక్క పలక తీసి రాసింది. అంకెలన్నీ చెప్పాక లాండ్రీ కొట్టావిడ, "మెసేజి చెరిపేశాను పెద్దాయనా. ఎవరి గొంతో నాకెందుకు" అని పెట్టేసింది. పేరైనా అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అంకెలు భార్యే కొట్టింది, ఈయన మళ్ళీ ఏ అంకె పెంచుతాడోనని. గడియారం మాయమైంది. తెర తెల్లబడి, స్వాగతం గువ్వ గారూ అంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, అదే ఇప్పుడావిడ నవ్వు. ఇకమీదట ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందని కింద రాసుంటే ఆయన వంగి, గోడలోంచి తీగ పీకేశాడు. ఇంతలోపే ఏం పోయిందో, ఎవరి దగ్గరికి చేరిందో, ఎప్పటికీ తెలియదు. ఆ తీసేయరాని టిక్కు అలాగే ఉంది. అవతలి చెవులు కూడా ఆ లాండ్రీ ఆవిడ చేతుల్లాంటివైతే బావుండును అనుకున్నాడు. అనుకోవడంతో ఆపకుండా, పెదవులు కదిలించి, చిన్నగా పైకే అన్నాడు, చూసుకో స్వామీ అని.

మొదటి మాట తనకేననుకున్నాడు. కుర్చీ ఆవిడకు వదిలి, చేతులు కట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఒక్క వేలితో ఒక్కో మీటా వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది, తెరకు చెయ్యి అడ్డం పెట్టుకుని. తర్వాత తన ఫోను తీసి ఎవరికో కలిపింది. చెల్లెలికి. చెల్లెలంటే ఆవిడ కంటే రెండేళ్ళు చిన్న. చిన్నప్పట్నుంచీ అక్క మాట్లాడితే వింటూ పెరిగిన మనిషి. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు ఫోను చేసి, ఏడుపు ఆపుకోవడానికి వేళాకోళం పట్టుకుంది. రేపట్నుంచి నీ నోటికి తాళం, ఇక జన్మంతా నా వంతు, అని. ఉండవే, వచ్చాక నీ సంగతి చెప్తా, అంది అక్క. చెప్పే లోపే గొంతు పోయింది. అప్పట్నుంచీ ఆ చెల్లెలు వారం వారం ఫోను చేసి, ఊరి కబుర్లన్నీ చెప్పి, పెట్టేసే ముందు ఒకటే మాట అంటుంది. నా సంగతి చెప్తానన్నావ్, బాకీ ఉన్నావే అక్కా. అని, జవాబు కోసం కాసేపు ఆగి, పెట్టేస్తుంది. ఆ ఆగినంతసేపూ ఇవతల ఆవిడ ఫోనును చెవికేసి అదుముకుని ఉండటం ఆయన ఎన్నోసార్లు చూశాడు.

"ఏమే అక్కా, ఇవాళ నువ్వే చేశావేంటి? బావగారు బావున్నారా? ఒక్క దెబ్బ కొట్టు చాలు."

ఆవిడ ఫోనును కంప్యూటరు స్పీకరు ముందు పెట్టి, మీట నొక్కింది.

"ఒసేయ్ చిన్నదానా, నీ నోటికి సరిపడా తాళం మా ఆయన కొట్లో కూడా లేదే."

మాటల మధ్య ఎడాలు సరిగ్గా లేవు. ఒసేయ్ తర్వాత అక్కర్లేని చోట ఆగింది, తాళం అన్నప్పుడు ఎవరో చదువుతున్నట్టుంది. కానీ చిన్నదానా ఆవిడదే. లేదే అని చివర్న సాగి పైకి లేచింది చూడు, అది ఆవిడదే, ఇంకెవరిదీ కాదు. తాళాలాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

అవతల గిన్నె ఏదో కింద పెట్టినట్టు వినపడింది. ముక్కు ఎగబీల్చినట్టు వినపడింది. ఆ తర్వాత చిన్నపిల్ల గొంతుతో, "ఇంకోసారి తిట్టవే" అంది చెల్లెలు.

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, గుడ్డ సర్దుకుని, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి పెద్దదే.